ఎన్ఐసీయూ నుంచి వార్డుకి మార్చాక అక్క ఇంకా ఎక్కువ భయపడుతోంది, మేం ఎలా సాయం చేయాలి?

మీరు రాసింది చదవగానే మా వాడి రోజులు గుర్తొచ్చాయండి. మీ అక్క బాబు నెలలు నిండకుండా పుట్టి, మూడు వారాలు ఎన్ఐసీయూలో, అదే పసిపిల్లల ఐసీయూలో ఉండి, మొన్న వార్డులో తల్లి పక్కకి వచ్చేశాడు, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటుంటే ఆవిడ మాత్రం నిద్రపోవట్లేదు, ఏడుస్తోంది, మళ్ళీ లోపలే పెట్టమని అడగండి అంటోంది, ఇదేం పిచ్చి అని పెద్దవాళ్ళు విసుక్కుంటున్నారు, అంతే కదా. పిచ్చేం కాదు. నేనూ అచ్చం అదే మాట అన్నాను, సిస్టర్ చెయ్యి పట్టుకుని మరీ.

మా వాడు 31 వారాలకే పుట్టాడు, 1,380 గ్రాములు. 26 రోజులు లోపలే. నిజం చెప్పాలంటే ఆ 26 రోజులూ నేను వాడి మొహం కంటే మానిటరే ఎక్కువ చూశాను. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 93 చూపిస్తే కాస్త కుదుటపడేదాన్ని, 86కి పడి అలారం మోగితే కాళ్ళు వణికేవి, సిస్టర్ వచ్చి పాదం కొంచెం రుద్దగానే అంకె పైకెక్కేది, నా ప్రాణం వెనక్కొచ్చేది. అలా అలవాటైపోయింది. తర్వాత ఒకరోజు పొద్దున్నే వైర్లన్నీ తీసేసి, బట్టలో చుట్టి, ఇక మీ దగ్గరే ఉంటాడమ్మా అని నా చేతిలో పెట్టారు. లోపల ఒక సిస్టర్‌కి ఇద్దరే పిల్లలు ఉండేవాళ్ళు, వార్డులో ఒక్కరే ఎంతోమందిని చూసుకోవాలి. డాక్టర్ల దృష్టిలో అది ప్రమోషన్. నాకేమో ఈత రాకుండా నీళ్ళలోకి తోసేసినట్టుంది.

అందుకని మొదట మీరు చేయాల్సింది, "ఇంకేంటి, గండం గడిచిందిగా, ఎందుకా ఏడుపు" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడటం. ఆ మాట నాకు కనీసం పదిమంది చెప్పారు. ఒక్కరు చెప్పినప్పుడైనా భయం తగ్గలేదు, పైగా నాలోనే ఏదో లోపం ఉందేమో అనిపించేది.

మొదటి రాత్రి సంగతి చెప్తాను. నెలలు నిండని పిల్లల ఊపిరి మనలాగా ఒకే తీరుగా ఉండదు, గబగబా నాలుగు పీల్చి కాసేపు ఆపేసి మళ్ళీ గబగబా మొదలుపెడతారు. ఆ ఆపేసినప్పుడల్లా నేను ముక్కు దగ్గర వేలు పెట్టడం, కదిపేసి లేపేయడం, వాడు ఏడవడం, నేను ఏడవడం. రెండింటికి రౌండ్‌కి వచ్చిన సిస్టర్ చూసి తిట్టలేదు. నా అరచెయ్యి తీసి వాడి పొట్ట మీద పెట్టి, గోడ గడియారం చూపించి, "ముల్లు ఒక రౌండ్ తిరిగేదాకా లెక్కపెట్టు, మధ్యలో ఆగినా లేపొద్దు" అంది. లెక్కపెట్టాను. 48 వచ్చింది. నిమిషానికి 40 నుంచి 60 లోపు అయితే ఖంగారు లేదు, ఐదు పది సెకన్లు ఆగి వాడంతట వాడే మొదలుపెడితే ఆ వయసుకి మామూలే, 20 సెకన్లు దాటినా, అంతకంటే తక్కువే ఆగినా పెదాల చుట్టూ రంగు మారినా, ఒళ్ళు వేలాడేసినా అప్పుడు మాత్రం లెక్కలు మానేసి వెంటనే పిలవాలి అని చెప్పింది. ఆ రాత్రి ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలీదు కానీ నాలుగింటికి కూర్చునే నిద్రపోయాను, ముందు రోజు నుంచీ అదే మొదటి నిద్ర. మీ అక్కకి కూడా ఎవరైనా సిస్టర్ చేత ఇలా దగ్గర కూర్చోబెట్టి చూపించమనండి, మీరు చెప్తే నమ్మదు, వాళ్ళు చెప్తే నమ్ముతుంది. వీలైతే పక్కన మీరూ నేర్చుకోండి, రాత్రి రెండు గంటలు మీరు కాపలా ఉంటేనే ఆవిడ కళ్ళు మూసుకోగలదు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, మూడో రోజు వచ్చింది. ఆవిడ మాటకారి కాదు, ధైర్యం చెప్పడం అసలు రాదు. వచ్చి ఒక చిన్న నోట్‌బుక్ కొని గీతలు గీసింది, టైము, పాలు ఎన్ని ఎంఎల్, ట్యూబ్ ద్వారానా నోటితోనా, ఉచ్చ, దొడ్డి, మందు. ప్రతి మూడు గంటలకీ అందులో రాయడం. డాక్టర్ రౌండ్‌కి వచ్చినప్పుడు నాకు బుర్ర పనిచేసేది కాదు, ఆయన వెళ్ళిపోయాక అన్ని డౌట్లూ గుర్తొచ్చేవి, అందుకని వెనక పేజీలో ముందురోజు రాత్రే ప్రశ్నలు రాయించుకుని పొద్దున ఆవిడే చదివేది. ట్యూబ్ ఎప్పుడు తీస్తారు, ఊపిరి ఆగకుండా ఇచ్చే కెఫీన్ మందు ఆపి ఎన్ని రోజులైంది, ఏమీ కాకుండా ఇంకా ఎన్ని రోజులు చూసి పంపిస్తారు, ఇలాంటివి. లోపల ఉన్న డాక్టర్ ఒకలా, వార్డు డాక్టర్ ఇంకోలా చెప్తే కూడా (చెప్తారు, రెడీగా ఉండండి) నోట్‌బుక్ చూపించి అడగొచ్చు.

బరువు అడగొద్దు. ప్లీజ్. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "ఎంతయ్యాడు" అంటారు, ఒకరోజు 25 గ్రాములు పెరుగుతాడు, మర్నాడు 10 తగ్గుతాడు, మాకు అది పరీక్షల రిజల్ట్‌లా ఉండేది. ఒక మనిషిని పెట్టుకోండి, మీరే అయితే మంచిది, చుట్టాలందరికీ మీరే మెసేజ్ పెట్టేయండి, అక్క ఫోన్ మోగకూడదు.

పాల విషయం. నోటితో తాగడం అంటే చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒకేసారి కుదరాలి, అది దాదాపు 34 వారాల దగ్గర మెల్లగా వస్తుంది, వచ్చినా త్వరగా అలిసిపోతారు. పాలు తాగట్లేదంటే తల్లికి పాలు లేవు అని తీర్మానించే పెద్దవాళ్ళుంటే వాళ్ళని కాస్త దూరంగా ఉంచండి. పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి పంపు చేస్తూ ఉండే మనిషికి ఉపన్యాసం అక్కర్లేదు, ఆ పంపు భాగాలు కడిగి ఆరబెట్టి పెట్టే మనిషి కావాలి.

మీ బావగారిని మర్చిపోకండి. మా ఆయన మందులకీ బిల్లులకీ తిరిగేవాడు తప్ప వాడిని ముట్టుకోవడానికి భయపడేవాడు, విరిగిపోతాడేమో అన్నట్టు. కంగారూ కేర్ నాన్న కూడా చేయొచ్చు, చొక్కా విప్పి ఛాతీ మీద పెట్టుకోవడమే. 1978లో కొలంబియాలో బొగోటా హాస్పిటల్లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతట, ఇప్పుడు నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలకి రోజుకి కనీసం 8 గంటలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. మా ఆయన మొదటిసారి గంటన్నర కదలకుండా కూర్చున్నాడు, కాలు తిమ్మిరెక్కినా లేవలేదు. ఆ గంటన్నర నేను స్నానం చేసి పడుకున్నాను.

ఇంకోటి, ముందే తెలిసుంటే మంచిది. ఆరో రోజు పాలు తాగుతూ మా వాడు నీలంగా మారాడు, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. ఒకటిన్నర రోజే, అలిసిపోయాడంతే, రెండు రోజులు ట్యూబ్ పాలు ఎక్కువ చేసి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టారు. కానీ నేను చేసిన పాపం ఏదో ఉందని కూర్చున్నాను. కొంతమందికి ఇలా అవుతుంది, అయితే మొదటికి వచ్చినట్టు కాదు అని ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

ఇంటికి పంపే ముందు ఒకట్రెండు రాత్రులు అన్నీ తల్లిదండ్రులే చేసుకుని, సిస్టర్ పిలిస్తే పలికే దూరంలో ఉండేలా ఏర్పాటు చేస్తారేమో అడగండి. కళ్ళ పరీక్ష (ఆర్‌ఓపీ అని నెలలు నిండని పిల్లల రెటీనాకి వచ్చే జబ్బు కోసం చేసేది), వినికిడి పరీక్ష అయ్యాయా, తర్వాతి తేదీలు ఎప్పుడు అన్నది కాగితం మీద రాయించుకోండి, కళ్ళది ఒక్క వారం కూడా వాయిదా వేయొద్దు. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే, బోర్లా పడటం కూర్చోవడం లాంటివి మాత్రం డ్యూ డేట్ లెక్కన చూడాలి. పడుకోబెట్టేది వెల్లకిలానే. దగ్గు జలుబు ఉన్నవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా రావొద్దనే చెడ్డపేరు మీరే తీసుకోండి. ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, చల్లబడినా, పాలకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

మీ అక్క ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బాబు పడుకున్నా ఆవిడకి నిద్ర పట్టకపోతే, ఆవిడ కోసం విడిగా డాక్టర్‌ని కలవండి. తనకి గానీ బాబుకి గానీ ఏదన్నా చేసుకోవాలనిపిస్తోంది అని అంటే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా అదే రోజు తీసుకెళ్ళండి. నేను నలభై రోజులు ఆగి వెళ్ళాను, అప్పటికీ మా వదిన నోట్‌బుక్ వెనక పేజీలో ప్రశ్నల కింద "దీని నిద్ర గురించి అడగాలి" అని రాసి పెట్టింది కాబట్టి.