‘ట్రాన్స్‌ఫర్లు ఆడతాం’ అనుకుంటే సరిపోదు

ప్రశ్న: రిటైరయ్యాక నేనూ మా ఆవిడా బ్రిడ్జి పేకాట నేర్చుకుని క్లబ్బులో జోడీగా ఆడుతున్నాం. మొన్న నేను, తురుపు రంగు లేకుండా ఆడదామనే 1 నోట్రంప్‌తో ఓపెన్ చేశాను. పక్కనున్న ప్రత్యర్థి డబుల్ అన్నారు. మా ఆవిడ 2 ఆఠీన్లు అంది. ట్రాన్స్‌ఫర్ (ఒక రంగు చెప్పి దాని పై రంగును భాగస్వామి చేత చెప్పించే సంకేతం) కదా అని 2 ఇస్పేట్లు అన్నాను. ఆవిడ పాస్! చూస్తే ఆవిడ చేతిలో ఇస్పేట్లు రెండే. వల్నరబుల్‌లో (తగ్గిన పట్లకు జరిమానా ఎక్కువుండే స్థితిలో) నాలుగు పట్లు తగ్గి 400 పాయింట్లు పోయాయి. ‘ఆ మాత్రం గుర్తుండదా’ అని అందరి ముందూ అనేశాను. మూడు రోజులుగా మాటల్లేవు. జోడీ మార్చుకోమంటారా?

జవాబు: మార్చుకోవద్దు. కొత్తవారితోనూ ఇదే చోట కాలు జారుతుంది. మీ ఆవిడ మర్చిపోయిందేమీ లేదు. డబుల్ పడ్డాక ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా, ఎగిరిపోతాయా అన్నది మీ ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఉంటాయని మీరు అనుకున్నారు, ఉండవని ఆవిడ అనుకున్నారు. రెండు పద్ధతులూ చలామణిలో ఉన్నవే.

ఇంకొకటి మీరు గమనించినట్టు లేదు. ఆ బిడ్ ‘ట్రాన్స్‌ఫర్’ అని మీరు ప్రత్యర్థులకు చెప్పే ఉంటారు. పొరపాటు జరిగిందని ఆవిడకు ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా 3 ఆఠీన్లకు పారిపోలేదు. భాగస్వామి నోటి మాటను బట్టి బిడ్ మార్చుకోకూడదని నియమం. దానికి కట్టుబడి నష్టపోయిన మనిషిని పట్టుకుని మీరు తిట్టారు. ముందు ఆ సంగతి ఒప్పుకోండి. కాగితం, కలం తర్వాత.

ఆ కాగితం మీద కన్వెన్షన్ (బిడ్‌కి ముందే ఒప్పుకున్న ప్రత్యేక అర్థం) పేరు రాసి వదిలేయకండి. దాని తర్వాతి బిడ్డు ఏమిటి, మధ్యలో ప్రత్యర్థి దూరితే ఏమిటి అన్నవి కూడా రాయాలి. ఉదాహరణకు: 1 నోట్రంప్, 15–17 పాయింట్లు. డబుల్ కానీ 2 కళావర్లు కానీ ప్రత్యర్థి నుంచి పడితే స్టేమన్ (నాలుగేసి ఆఠీన్లో ఇస్పేట్లో ఉన్నాయా అని అడిగే బిడ్), ట్రాన్స్‌ఫర్లు మామూలుగానే. అంతకు పైన ఏది పడినా సహజమైన బిడ్లే. ఇదే ఉత్తమమని కాదు, ఇద్దరికీ ఒకటే అయితే చాలు. నెగటివ్ డబుల్ (ప్రత్యర్థి దూరాక చెప్పని రంగులు చూపే డబుల్) ఏ మెట్టు దాకా, వీక్ టూకి (తక్కువ బలంతో పొడవైన రంగు చూపే 2 బిడ్) ఎన్ని పాయింట్లు, ఇవి ఒక్కో వాక్యంలో తేలిపోతాయి.

కీకార్డ్ బ్లాక్‌వుడ్ (భాగస్వామి దగ్గర కీలక ముక్కలెన్నో 4 నోట్రంప్ అని అడిగే పద్ధతి) దగ్గర మాత్రం కాస్త ఆగండి. నాలుగు ఆసులు, తురుపు రాజు కలిపి అయిదు కీకార్డులని ఇద్దరికీ తెలిసే ఉంటుంది. కానీ 4 నోట్రంప్‌కి జవాబుగా 5 కళావర్లంటే ఒక పద్ధతిలో 1 లేదా 4, ఇంకో పద్ధతిలో 0 లేదా 3. రెండు ఆసులు బయట ఉండగా స్లామ్ (పదమూడింట పన్నెండు లేదా మొత్తం పట్లు గెలుస్తామనే బిడ్) ఎక్కే జోడీలు ఇక్కడ కూడా పడతాయి.

మొదటి రెండు నెలలు స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు, నెగటివ్ డబుల్, బ్లాక్‌వుడ్ చాలు. కొత్తది నేర్చుకోవాలన్న సరదా ఉంటే కాస్త ఆపుకోండి. వారానికి ఒక సాయంత్రం భోజనాల బల్ల దగ్గర పేక పంచుకుని ఇరవై చేతులు బిడ్డింగ్ మాత్రమే చేయండి, ఆడొద్దు. తేడా వచ్చిన చోట వాదన పెట్టుకోకుండా కాగితం మీద ఒక వరుస చేర్చండి.

క్లబ్బులో తేడా వస్తే బోర్డు నంబరు రాసుకుని ఊరుకోండి. కార్లో కూడా ఎత్తొద్దు. మర్నాడు కాఫీ అయ్యాక తీయండి.