సందెపొద్దున మామిడి చెట్ల కింద సాలీళ్ళ ఫొటోలు: ముందు లెన్స్ కొనాలా, లైటు కొనాలా?

ముందు లైటు, అంటే ఫ్లాష్, కొనండి. లెన్స్ సంగతి తర్వాత చూడొచ్చు.

మీ దగ్గర పాత కెనాన్ క్రాప్ సెన్సర్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్న కెమెరా), 55-250 ఎంఎం జూమ్ లెన్స్ ఉన్నాయి. తిరుచానూరులో ఇంటి వెనక మామిడి చెట్ల కింద సాయంత్రం ఐదు దాటాక సాలీళ్ళను తీస్తే ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత సున్నితంగా పట్టాలో చెప్పే అంకె) 6400 పెట్టినా మసకమసకగా వస్తున్నాయి. అప్పు చేసైనా చిన్న పురుగుల్ని దగ్గరగా, పెద్దగా తీసే 100 ఎంఎం మ్యాక్రో లెన్స్ కొనేయాలా అని కదా అడిగారు. ఆ లెన్స్ తెచ్చినా చెట్టు కింద చీకటి అలాగే ఉంటుంది. అందుకే వద్దంటున్నా.

మాది బంగారుపాళ్యం వైపు. మా తోపులో తోతాపురి కొమ్మలు నేలను తాకేంత ఒత్తుగా ఉంటాయి, మిట్టమధ్యాహ్నం కూడా కిందికి వెలుతురు సరిగ్గా దిగదు. నేనూ రెండేళ్ళు ఐఎస్ఓ పెంచుతూ, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) తెరుస్తూ తంటాలు పడ్డాను. చిక్కు ఎక్కడుందంటే, సాలీడు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే ఆ కంతను ఎఫ్/11కి బాగా మూసినా ఫోకస్‌లో ఉండే మందం ఒక మిల్లీమీటరు ఉండదు. వెలుతురు కోసం ఎఫ్/5.6కి తెరిస్తే అది ఇంకా సగమవుతుంది, కళ్ళు దొరికితే కాళ్ళు పోతాయి. మళ్ళీ ఎఫ్/11కి మూస్తే వచ్చే వెలుతురు నాలుగో వంతే. అంత దగ్గరలో చెయ్యి కొంచెం కదిలినా ఫొటోలో పెద్దగా తెలుస్తుంది కాబట్టి షట్టర్ కూడా వేగంగా ఉండాలి. ఉన్న కాస్త వెలుతురు ఇన్నిటికీ చాలదు. ఫ్లాష్ ఉంటే ఈ పేచీ ఉండదు. తక్కువ పవర్‌లో అది వెలిగేది సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపు, చేతి వణుకు అందులో పడదు.

పవర్ మనమే చేత్తో మార్చుకునే ఒక మామూలు మాన్యువల్ ఫ్లాష్ తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. దాంతోపాటు రేనాక్స్ డీసీఆర్-250 అనే చిన్న క్లిప్ లెన్స్. మీ జూమ్ ముందు పట్టుకుంటుంది, ధర మ్యాక్రో లెన్స్‌లో చిన్న భాగం. ఫోకస్‌ని ఇన్ఫినిటీలో (అన్నిటికన్నా దూరానికి) పెట్టి, జూమ్ 125 దగ్గర ఉంచితే అసలు సైజు వస్తుంది, 250కి తిప్పితే దానికి రెట్టింపు. మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ పవర్ 1/8 నుంచి మొదలుపెట్టండి. క్లిప్ లెన్స్‌తో మీరు ఎప్పుడూ సుమారు 12 సెంటీమీటర్ల దూరం నుంచే తీస్తారు. దూరం మారదు కాబట్టి పవర్ ఒకసారి కుదిరితే ఆ సాయంత్రమంతా దాదాపు అదే.

ఇక అసలు పని డిఫ్యూజర్‌లో, అంటే ఫ్లాష్ వెలుగును మెత్తగా పరిచే పరదాలో ఉంది. దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. నేను మొదట ఉత్త ఫ్లాష్‌తో తీసింది కాళ్ళను జతలుజతలుగా ఎక్స్ ఆకారంలో చాపుకుని, తలకిందులుగా వల మధ్యలో కూర్చునే పసుపు చారల సాలీడు. పొట్ట మీద చారలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా కాలిపోయాయి, వెనకంతా నలుపు. ఆ వారంలోనే అమ్మ కొత్త మిక్సీ తెచ్చింది, దాని చుట్టూ పల్చటి తెల్ల ఫోమ్ షీటు ఉంది. అట్టముక్కను గూడలా వంచి, లోపల చిప్స్ ప్యాకెట్ వెండివైపు పైకి వచ్చేలా అతికించి, ముందువైపు ఆ ఫోమ్‌ని కొద్దిగా ఉబ్బెత్తుగా కట్టాను. ఇప్పటికీ దాంతోనే తీస్తున్నాను. ఒక్కటే సూత్రం: ఆ తెల్లటి పరదా వీలైనంత పెద్దగా, సాలీడుకు వీలైనంత దగ్గరగా, దాని నెత్తిమీదికి వంగి ఉండాలి. దూరం జరిగేకొద్దీ వెలుగు మళ్ళీ గట్టిపడుతుంది. కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్‌తో సరిపెట్టుకుందామంటే లెన్స్ నీడే సాలీడు మీద పడుతుంది.

డిఫ్యూజర్ కుదిరాక నాకు దొరికిన మొదటి మంచి ఫొటో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల దగ్గర. గుంపుకు కాస్త ఎడంగా ఒక చీమ తిరుగుతోంది. వేలు దగ్గరికి పెట్టేసరికి దారం వదిలి ఆకు అంచు నుంచి వేలాడింది. చీమ దారం వదలదు కదా! కెమెరాలో పెద్దగా చేసి చూస్తే ముఖం మీద ఎదురుగా రెండు పెద్ద నల్లటి కళ్ళు, ఒక్కో కంట్లో నా ఫోమ్ షీటు తెల్లటి కిటికీలా. అది చీమ వేషం వేసిన దూకే సాలీడు. ముందు కాళ్ళు రెండూ మీసాల్లా గాల్లో ఆడిస్తూ నడుస్తుంది, నడుము కూడా చీమలాగే నొక్కుకుపోయి ఉంటుంది. మీ మామిడి చెట్ల మీద ఆ ఎర్రచీమలుంటే ఓపిగ్గా వెతకండి.

ఆటో ఫోకస్ ఆపేయండి. ఎడమచేత్తో సాలీడున్న కొమ్మనే మెల్లగా పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనించండి. కొమ్మ ఊగితే కెమెరా కూడా దాంతోపాటే ఊగుతుంది. ఊపిరి వదులుతూ ఒళ్ళు కొంచెం ముందుకు వాల్చి, కళ్ళు స్పష్టంగా తెలిసిన క్షణంలో నొక్కండి. ఇరవైలో మూడు బాగొస్తే మంచి రోజే.

చీకటి పడ్డాక టార్చ్‌ను కణత పక్కన పట్టుకుని నేల మీదికి వేస్తే తోడేలు సాలీళ్ళ కళ్ళు మంచుబొట్లలా మెరుస్తాయి. కాళ్ళకు బూట్లు లేకుండా మాత్రం వెళ్ళొద్దు, మన వైపు రక్తపింజరి, కట్లపాము తిరిగేది ఆ వేళకే. తలకోన వైపో, శేషాచలం అడవిలోకో రాత్రిపూట టార్చ్‌తో అసలు పోవద్దు. ఎర్రచందనం కాపలా ఉన్న చోటు అది, ఫొటోల కోసం వచ్చానంటే ఎవరూ నమ్మరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తర్వాత మీ పెరట్లోనే కావలసినన్ని దొరుకుతాయి.

కదలకుండా ఉండాలని సాలీడును ఫ్రిజ్‌లో పెట్టి తీయమని కొందరు చెప్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పారిపోతే పోనివ్వండి, రేపు అదే ఆకు దగ్గర చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది.

డిఫ్యూజర్ కట్టాక ఒక ఫొటో ఇక్కడే పెట్టండి, కళ్ళ భాగం పెద్దగా కనిపించేలా. కంట్లో మెరుపు చిన్న చుక్కలా ఉందో, వెడల్పుగా పరుచుకుందో చూస్తే ఫోమ్ ఎటు జరపాలో చెప్పగలను.