వాటమోలా వెళ్లేముందు

నాన్నా,

మీ అమ్మా నాన్నా వచ్చే నెల సిడ్నీలో దిగుతున్నారని, దిగిన మొదటి శనివారమే బోండై బీచ్‌కి తీసుకెళ్తానని రాశావు. చూపించు, వద్దనను. గట్టు మీద నడిపించి, ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, ఫొటోలు తీసి ఇంటికి తీసుకొచ్చెయ్. నీళ్లలోకి దించాలనుకుంటే మాత్రం అక్కడ వద్దు. మీ అమ్మ ఖమ్మంలో పుట్టింది, ఖమ్మంలోనే కాపురం చేసింది. దానికి తెలిసిన పెద్ద నీళ్లంటే భద్రాచలం రేవులో గోదావరే. ముక్కు మూసుకుని మూడు మునకలు వేసి మెట్టెక్కడమే దానికి తెలిసిన స్నానం. బోండై అలకి ఎదురుగా కళ్లూ ముక్కూ మూసుకుని నిలబడితే రెండో మునక దాకా అల ఆగదు.

వాటమోలా తీసుకెళ్లు. సిడ్నీకి దక్షిణాన రాయల్ నేషనల్ పార్క్ ఉంది కదా, 1879లో పెట్టింది, ఈ దేశంలో మొట్టమొదటి నేషనల్ పార్క్. దాని తూర్పు అంచున, ఇసుకరాతి కొండల మధ్య సముద్రం కాస్త లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న చోటది. ముందు వైపు బుల్లి బీచ్. ఆ ఇసుక దాటి వెనక్కి తిరిగితే ఒక మడుగు. అడవిలోంచి వచ్చే వాగు రాతి మీంచి ఆ మడుగులోకి దూకుతుంది. వానల్లేకపోతే జలపాతం సన్నగా కారుతుంటుంది, అంతే. పెద్దవాళ్లకి కావలసింది ఆ మడుగే. అలలుండవు, ఇసుక ఒడ్డున మోకాలి లోతులో కూర్చోవచ్చు.

ఇంకో సంగతి, మన హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి అక్కడికి అరగంట దూరం. అందరూ ముందు గుడికెళ్లి, క్యాంటీన్‌లో దోశెలు తిని, మధ్యాహ్నం బీచ్‌కి బయల్దేరతారు. మీరు తిరగేసి చెయ్యండి. వేసవి శని ఆదివారాల్లో వాటమోలా కార్ పార్కు ఎప్పుడో నిండిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు అక్కడిదాకా వెళ్లి కారు పెట్టే చోటు లేక వెనక్కి వస్తారు. ఉదయం 7 గంటలకి గేటు తీస్తారు, ఎనిమిదిన్నర లోపు లోపలుండాలి. దేవుణ్ణి చూడకుండా షికారేంట్రా అని మీ అమ్మ అంటుంది. సముద్ర స్నానం అయ్యాకే దర్శనం అను, ఇక మాట్లాడదు. గుడిలోకి ఉప్పు ఒంటితో రానంటుంది కాబట్టి ఇంటి నుంచే రెండు క్యాన్ల మంచినీళ్లు, పొడి బట్టలు పెట్టుకో. తాగే నీళ్లు కూడా ఇంటి నుంచే, అక్కడ దొరుకుతాయని నమ్ముకోకు. కారుకి పార్కు రుసుము కట్టాలి. తిరుగు ప్రయాణంలో సర్ బెర్ట్రమ్ స్టీవెన్స్ డ్రైవ్ మీద దక్షిణంగా వచ్చి, మెకెల్ అవెన్యూ పట్టుకుని వాటర్‌ఫాల్ అనే ఊరి దగ్గర హైవే ఎక్కితే హెలెన్స్‌బర్గ్ దగ్గరే. ఆ రోడ్డు మలుపులు మలుపులుగా ఉంటుంది. మీ నాన్నకి కారులో కడుపు తిప్పుతుంది కదా, ముందు సీట్లో కూర్చోబెట్టు.

మీ నాన్నకి చరిత్ర పిచ్చి, దారిలో ఇది చెప్పు. 1796 మార్చిలో మాథ్యూ ఫ్లిండర్స్, జార్జ్ బాస్, వాళ్ల వెంట ఒక కుర్రాడు, ముగ్గురూ టామ్ థంబ్ అనే చిన్న పడవలో ఈ తీరం వెంట వస్తుండగా రాత్రి గాలివాన పట్టుకుంది. చీకట్లో విరిగే అలల వెనక ఒక సందు కనబడితే అందులోకి పడవ తిప్పి బతికిపోయారు. ఆ సందే వాటమోలా. దైవమే దారి చూపిందని ఫ్లిండర్స్ దానికి ప్రావిడెన్షియల్ కోవ్ అని పేరు పెట్టాడు. ఆ పేరు జనానికి అంటలేదు. అక్కడి ధరావల్ ప్రజల నోట్లోంచి వచ్చిన వాటమోలాయే మిగిలింది.

ఆ మరుసటి ఏడు జరిగింది ఇంకా పెద్ద కథ. సిడ్నీ కోవ్ అనే ఓడ 1796 నవంబర్‌లో కలకత్తా నుంచి సరుకుతో బయల్దేరింది. సరుకులో రమ్ము కూడా ఉంది. నడిపే కూలీల్లో ఎక్కువమంది మన దేశపు లస్కర్లు. 1797 ఫిబ్రవరిలో ఓడకి చిల్లుపడి, టాస్మేనియా ఉత్తరాన ఒక దీవి మీద దాన్ని ఒడ్డుకు కొట్టించారు. సాయం తేవడానికి 17 మంది పడవెక్కితే ఆ పడవ కూడా ఇప్పటి విక్టోరియా తీరంలో బద్దలైంది. ఇక వాళ్లకి మిగిలింది నడకే. రెండు నెలలు, తీరం వెంబడి, నదులు దాటుకుంటూ నడిచారు. కొన్ని చోట్ల ఆదివాసులు చేపలు పెట్టారు, నదులు దాటించారు. కొన్ని చోట్ల ఈటెలు వేశారు. మే నెల మధ్యలో వాటమోలా ప్రాంతానికి చేరేసరికి మిగిలింది ముగ్గురు. చేపలు పట్టడానికి వచ్చిన ఒక పడవ వాళ్లని చూసి సిడ్నీ తీసుకెళ్లింది. ఆ ముగ్గురిలో ఒకడు లస్కరు. మనం వీసాలు పట్టుకుని విమానాలెక్కి రావడానికి రెండొందల ఏళ్ల ముందే మన దేశం మనిషొకడు ఈ ఇసుక మీద సొమ్మసిల్లి కూర్చున్నాడు. ఇక్కడ పిల్లలకి బళ్లో ఫ్లిండర్స్ పేరు చెప్తారు, ఆ లస్కరు సంగతి ఎందరికి చెప్తారో మరి. మీ నాన్న రిటైరైన మాస్టారు కాబట్టి ఈ కథ విన్నాక ఆ రోజంతా ఇదే మాట్లాడతాడు, ఓపిక పట్టు.

ఇప్పుడు నీళ్ల సంగతి. జాగ్రత్తగా చదువు, ఈ ఉత్తరం రాసింది ఇందుకే.

కొండల చాటున ఉంది కాబట్టి ప్రమాదం లేదని మనవాళ్లు అనుకుంటారు. చాటు గాలికి, పెద్ద అలలకి మాత్రమే. వాటమోలాలో లైఫ్‌గార్డులు ఉండరు. వాళ్లు కాపలా కాసే చోటుకి గుర్తుగా పాతే ఎరుపు పసుపు జెండాలు ఉండవు. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. అంటే చూసుకోవాల్సింది నువ్వే, వెంటనే సాయం వస్తుందనే లెక్క వేసుకోకూడదు. ఈ దేశంలో మన తెలుగు పిల్లలు నీళ్లలో పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాం. చాలా కుటుంబాలకి ఈత రాదు, సముద్రం లేని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. నీకొచ్చిన ఈత కూడా కాలేజీ స్విమ్మింగ్ పూల్ ఈతే, అది నాకు తెలుసు.

మడుగులో దిగేముందు రెండు రోజుల వాతావరణం చూడు. పెద్ద వాన పడిందంటే వెళ్లకు. వాగు పొంగి ఇసుక కట్టని కోసేస్తుంది, మడుగు నీళ్లు సముద్రంలోకి లాగేస్తాయి, పైగా నీళ్లు మురికి. వాన లేని రోజైనా ఇసుక ఒడ్డు వైపే ఉండండి. జలపాతం కింద లోతు ఎక్కడెంతో పైనుంచి తెలియదు. ఆ రాతి మీంచి కుర్రాళ్లు దూకుతుంటారు. దూకకూడదని పెద్ద బోర్డుంది, పట్టుకుంటే జరిమానా వేస్తారు. మెడలు విరిగినవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నీ స్నేహితులెవరైనా వెంట వస్తామంటే ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లు. దూకుతూ వీడియో తీసుకుందామనేవాణ్ణి ఇంటి దగ్గరే వదిలెయ్.

ముందు వైపు సముద్రంలోకి మీ అమ్మ అడుగుపెట్టక మానదు. మోకాళ్లు దాటనివ్వకు. నువ్వు సముద్రం వైపు నిలబడు, అమ్మ ఒడ్డు వైపు. దిగేముందు పది నిమిషాలు ఊరికే కూర్చుని నీళ్లు చూడండి. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ నల్లగా, ప్రశాంతంగా ఉందనుకో, కొత్తవాళ్ల కాళ్లు సరిగ్గా అక్కడికే వెళ్తాయి. లోపలికి లాగే రిప్ అదే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ దారిన తిరిగి వెళ్తుంటాయి. ఎవరైనా అందులో పడితే దానికి ఎదురీదకూడదు, అలసిపోవడమే అవుతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి కేక వెయ్యాలి. రిప్ మనిషిని దూరంగా తీసుకెళ్తుంది కానీ అడుగుకి లాగదు. ఒడ్డునున్నవాడు ఉత్త చేతులతో దూకెయ్యకూడదు, తేలే వస్తువేదైనా విసరాలి, ఇక్కడి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చెయ్యాలి. ఎమర్జెన్సీ ప్లస్ అనే యాప్ ఇప్పుడే ఎక్కించుకో, నువ్వెక్కడున్నావో వాళ్లకి చెప్పడానికి పనికొస్తుంది. ఆ ఉదయం సముద్రం అల్లకల్లోలంగా కనిపిస్తే ముందు వైపు అసలు దిగకండి, మడుగు ఉంది కదా. నిజంగా అలల్లో ఆడాలని ఉంటే ఇంకో రోజు క్రొనల్లా బీచ్‌కి తీసుకెళ్లి జెండాల మధ్య ఆడించు.

చీర గురించి దానితో నువ్వు వాదించలేవు, నేను ఫోన్‌లో మాట్లాడతాను. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటే మోకాలి లోతులో కూడా మనిషి పడిపోతుంది. లెగ్గింగ్స్, రాష్ వెస్ట్ అనే పొడుగు చేతుల ఈత చొక్కా కొని పెట్టు. ముదురు రంగు కొను, పల్చటిది కొంటే అది వేసుకోదు. ఆ చొక్కా ఎండకి కూడా పనికొస్తుంది. నల్లగా ఉన్నాం, మనకెందుకు సన్‌స్క్రీన్ అని మీ నాన్న అంటాడు. ఇక్కడి ఎండ వేరు. ఎండ తీవ్రత చెప్పే యూవీ సూచిక 3కి చేరితే రక్షణ కావాలంటారు, మార్చిలో పొద్దున్నే దాటేస్తుంది, మబ్బున్నా సరే. ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయి. సముద్రం ఫిబ్రవరి, మార్చిలోనే బాగా వెచ్చగా ఉంటుంది, ఆ విషయంలో సరైన నెలలోనే వస్తున్నారు.

ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పెట్టుకో. టీకీ పనికొస్తుంది, బ్లూబాటిల్ కుట్టినా పనికొస్తుంది. నీలం బుడగలా ఉండి దారాలు వేలాడేసుకుని వస్తుంది అది, ఈశాన్య గాలి వీచిన రోజుల్లో ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ఇసుక మీద చచ్చిపడున్నా ముట్టుకోనివ్వకు. కుడితే రుద్దకూడదు. సముద్రపు నీళ్లతో దారాలు కడిగేసి, 45 డిగ్రీల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ముందు నీ చెయ్యి పెట్టి చూడు, చర్మం కాలకూడదు. దీనికి వెనిగర్ పొయ్యకు. అది పైన క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఉండే బాక్స్ జెల్లీఫిష్‌కి చేసే వైద్యం.

పార్కుకి వెళ్తున్నావు కాబట్టి ఫిగర్ ఎయిట్ పూల్స్ కూడా చూద్దామని నీకు తడుతుంది. రాతి పలక మీద ఎనిమిది అంకె ఆకారంలో నీటిగుంటలు, ఫొటోల్లో భలే ఉంటాయి. అమ్మానాన్నలతో వద్దు. నడక చాలా ఉంది, పెద్ద అల ఒక్కసారిగా పలక మీదికి ఎక్కి మనుషుల్ని రాళ్ల మీద ఈడ్చేసిన సందర్భాలున్నాయి. బదులుగా గుడి అయ్యాక బాల్డ్ హిల్ ఎక్కించు. కిందున్న స్టాన్‌వెల్ పార్క్‌లోనే లారెన్స్ హార్గ్రేవ్ 1894లో పెట్టె గాలిపటాలు కట్టుకుని నేల నుంచి పైకి లేచాడు, మీ నాన్నకి అదీ చెప్పు. అక్కడి బీచ్ నీళ్లు చూడ్డానికే, దిగడానికి కాదు.

తిండి సంగతి: పులిహోర, పెరుగన్నం, చేగోడీలు చాలు. పొయ్యి తీసుకెళ్లకు. ఎక్కడా నిప్పు వెలిగించకూడదని టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు ఆ పార్కునే మూసేయవచ్చు, బయల్దేరేముందు నేషనల్ పార్క్స్ వాళ్ల పేజీ చూసుకో. 1994 మంటల్లో ఆ అడవి చాలావరకు కాలిపోయింది. పక్షులకి అన్నం పెట్టనివ్వకు, చెత్త మూట కట్టి కారులో తెచ్చెయ్యండి.

కార్ పార్కు నుంచి ఇసుక దాకా మెట్లున్నాయి. దిగడం సులువే, తిరిగి ఎక్కేటప్పుడు మీ అమ్మ మోకాళ్లు మొరాయిస్తాయి. తొందర పెట్టకు, బరువులన్నీ నువ్వు మొయ్యి. సాయంత్రం దాకా ఉండిపోతే కారు నెమ్మదిగా నడుపు. 1906లో తెచ్చి వదిలిన రూసా దుప్పులు ఇప్పుడు ఆ పార్కంతా ఉన్నాయి, చీకటి పడే వేళ రోడ్డు మీదికి వచ్చేస్తాయి.

మడత కుర్చీలు, పెద్ద గొడుగు మా గరాజ్‌లో ఉన్నాయి, కొనకు. శుక్రవారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు మీ అమ్మ ఊరి నుంచి తెచ్చే ఆవకాయలో నా వాటా మర్చిపోకు.

పెద్దమ్మ