పక్కింటాయన నెయ్యి, నా కొలెస్ట్రాల్

ప్రశ్న: మాస్టారూ, నాకు యాభై రెండేళ్లు. నెయ్యి మానేసి ఆరేళ్లయింది, మాంసం ముట్టను. అయినా మొన్న టెస్టులో చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 190 వచ్చింది. పక్కింటాయన రోజూ పెసరట్టు మీద నెయ్యి పోయించుకుని తింటాడు, ఆయనకు వంద దాటలేదు! డాక్టరు గారు మాత్ర రాశారు. కొలెస్ట్రాల్ ప్రతి కణానికీ అవసరమే అంటారు కదా, మరి నా కణాలు దాన్ని రక్తంలోంచి ఎందుకు తీసుకోవడం లేదు?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ మాత్ర నేనూ పదకొండేళ్లుగా వేసుకుంటున్నాను. పక్కింటాయన మీద మీకున్న కోపం నాకు బాగా అర్థమవుతుంది. మా బ్రాడీపేటలోనూ ఒకాయన ఉన్నాడు.

మీరు అడిగిన చివరి ముక్కే అసలు ప్రశ్న. అమెరికాలో డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు 1970లలో దీని వెంటే పడ్డారు. చిన్నతనంలోనే గుండెపోటు వచ్చే పిల్లల చర్మకణాలను, మామూలు మనుషుల చర్మకణాలను పక్కపక్కన పెంచి చూశారు. మామూలు కణం ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాక్కుంది. ఆ పిల్లల కణాలకు అది చేతకాలేదు. పట్టుకునే కొక్కేలే లేవు, లేదా ఉన్నా పనిచేయలేదు. ఈ పనికి ఇద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది.

పాఠ్యపుస్తకంలో వాటిని గ్రాహకాలు అంటారు. క్లాసులో నేను కొక్కేలు అనేవాణ్ణి, పిల్లలకు అదే గుర్తుండేది. కణం పైపొర మీద ఇవి బయటికి తేలి ఉంటాయి. పొరలో గుంటల దగ్గర ఈ కొక్కేలు గుమిగూడి ఉంటాయి, కొలెస్ట్రాల్ మోసుకొచ్చే ఎల్‌డీఎల్ రేణువు వాటికి తగులుకుంటుంది. ఒక్కో గుంటకు లోపలివైపు క్లాత్రిన్ అనే మూడు కాళ్ల ప్రొటీన్లు ఉంటాయి. అవి ఒకదాని కాలు ఒకటి పెనవేసుకుని, కోళ్ల గంప అల్లినట్టు గూడు కడతాయి. గుంట లోతవుతుంది, మెడ సన్నబడుతుంది, తెగుతుంది. చిన్న సంచీ లోపల పడుతుంది. నిమిషం పట్టినా గొప్పే.

లోపల ఆ సంచీ కాస్త పులుపెక్కుతుంది. ఆ ఆమ్లానికి కొక్కెం పట్టు వదిలేస్తుంది. సరుకు జీర్ణమయ్యే చోటుకు పోతుంది, కొక్కెం మళ్లీ పైపొరకు వచ్చేస్తుంది. రానూపోనూ పది నిమిషాలు. ఒక్కో కొక్కెం సుమారు ఇరవై గంటలు బతుకుతుంది, అంటే వందకు పైగా ట్రిప్పులు. మన సిటీ బస్సులు కూడా అన్ని తిరగవు.

ఇక మీ గొడవ. కణం ఆకలిని బట్టి కొక్కేలు పెడుతుంది. లోపల కొలెస్ట్రాల్ తగ్గితే జన్యువుకు కబురెళ్తుంది, కొత్త కొక్కేలు తయారవుతాయి. కడుపు నిండితే తయారీ ఆగిపోతుంది. మా గుంటూరు మిర్చి యార్డు చూశారా? సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెగ వచ్చిపడితే యార్డుకు సెలవు ప్రకటిస్తారు. లోపల సర్దుబాటయ్యేదాకా కొత్త సరుకు రావద్దని. అయినా బయల్దేరి వచ్చిన లారీలు రోడ్డు మీదే నిలబడతాయి. మీ రక్తనాళాలు ఆ రోడ్డు. (పోలిక ఇక్కడిదాకానే సుమండీ. యార్డు గేటు లారీతో పాటు లోపలికెళ్లి తిరిగి రాదు.)

రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువ భాగం ఏరేది కాలేయం. దాని కణాల మీద ఎన్ని కొక్కేలుంటాయన్నది కొంత పుట్టుకతో వచ్చేది. మీ పక్కింటాయనకు బహుశా ఎక్కువ ఉండి ఉంటాయి. పైగా ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ వంతు శరీరం తనంతట తాను చేసుకునేదే, అందుకే మీరు నెయ్యి మానేసినా అంకె దిగలేదు. అలాగని నెయ్యి, డాల్డా, పామాయిల్ బజ్జీలకు నేను ఓటెయ్యను. వాటిలోని సంతృప్త కొవ్వు చేసే పెద్ద తప్పు, కాలేయం మీది కొక్కేల జోరు తగ్గించడం.

మాత్ర ఏం చేస్తుందంటే, కాలేయకణం సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకునే ఎంజైమును అడ్డుకుంటుంది. లోపల కొరత పడుతుంది. కణం గాభరాపడి కొక్కేలు పెంచుతుంది, రక్తంలోది లాక్కుంటుంది. ఈ జాతి మందును 1970లలో జపాన్‌లో అకిరా ఎండో ఒక బూజులోంచి వెలికితీశారు. కొక్కేలను తిరిగి పైకి రానీకుండా చెత్తబుట్టలోకి పంపే ప్రొటీన్ కూడా ఒకటుంది, పేరు పీసీఎస్‌కే9. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లూ వచ్చాయి. అవి మీకు కావాలో లేదో చెప్పాల్సింది మీ డాక్టరు, జువాలజీ మాస్టారు కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. 190కి వచ్చిందంటే వంశంలో ఉందేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. మీ తోబుట్టువులకు, పిల్లలకు ఒకసారి టెస్టు చేయించండి. మాత్ర వేసుకుంటుంటే కండరాలు నొప్పులుగా ఉన్నాయనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మీరే ఆపేయకండి. నేను ఆ పని ఒకసారి చేసి ఇంట్లో బాగా చీవాట్లు తిన్నాను.

ప్రశ్న: సార్, కణం తినడాన్ని మా కాలేజీ మైక్రోస్కోపులో చూడొచ్చా? స్లైడులో బొమ్మ చూపించారు గానీ నమ్మబుద్ధి కాలేదు.
— బీఎస్సీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నమ్మకపోవడం మంచిదే నాయనా. పైన చెప్పిన గుంటలు మాత్రం మీ మైక్రోస్కోపుకు దొరకవు, అంత చిన్నవి. 1964లో రాత్, పోర్టర్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వాటిని వివరంగా చూశారు. ఎక్కడ అనుకున్నావు? ఏడిస్ దోమ గుడ్లలో. మన డెంగీ దోమే. రక్తం తాగకముందు ఒక్కో గుడ్డు పైపొర మీద సుమారు ఇరవై వేల గుంటలు. తాగాక మూడు లక్షలు! గుడ్డుకు కావలసిన పచ్చసొన ప్రొటీన్‌ను ఆ గుంటలే లోపలికి లాగుతాయి. భోజనం వచ్చాకే గేట్లు తెరవడం అంటే ఇదే.

నీ మైక్రోస్కోపులో చూడగలిగింది పారమీషియం, ఒకే కణమున్న నీటి జీవి. ఎండుగడ్డిని కాలవ నీళ్లలో వారం రోజులు నానబెట్టు. ఈస్టును కాంగో రెడ్ రంగులో కాసేపు ఉడికించి, చల్లారాక ఒక చుక్క గడ్డినీళ్లలో కలుపు. ముందు ఎర్రటి ఈస్టు నోటి గాడిలోకి గిర్రున తిరుగుతూ పోతుంది. గాడి చివర బుడగ ఉబ్బుతుంది, తెగి లోపల తేలుతుంది. కళ్లార్పకు. కొన్ని నిమిషాల్లో ఆ ఎర్ర బుడగ నీలమవుతుంది. లోపల ఆమ్లం చేరిందని అర్థం. కాసేపటికి మళ్లీ ఎరుపు తిరుగుతుంది.

మొదటిసారి ఈ ప్రయోగం పెట్టినప్పుడు నేను పనిచేసే కాలేజీలో, క్లాసుకు గంట ముందు మా అటెండరు కంపు భరించలేక సీసా మొత్తం పారబోశాడు. నలభై మంది పిల్లలు, ఖాళీ సీసా. నువ్వు సీసా మీద కాగితం అంటించి రాయి.

ప్రశ్న: మంచినీళ్లు కూడా కణంలోకి ఇలా సంచీల్లోనే వెళ్తాయా?
— ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: లేదండీ, నీళ్లకు విడిగా గొట్టాలున్నాయి. పేరు ఆక్వాపోరిన్లు, కనిపెట్టిన పీటర్ అగ్రీకి 2003లో నోబెల్. కానీ సంచీల పాత్ర ఇక్కడా ఉంది. మే నెలలో విజయవాడ బస్టాండులో రెండు గంటలు నిలబడితే ఒళ్లంతా చెమటే కదా. అప్పుడు మెదడు ఒక హార్మోన్ వదులుతుంది. దాంతో కిడ్నీ కణాలు లోపల సంచీల్లో దాచుకున్న గొట్టాలను పైపొరకు తెచ్చి, నీటిని రక్తంలోకి మళ్లిస్తాయి. మీరు బస్సెక్కి రెండు సీసాల నీళ్లు తాగారనుకోండి. కాసేపటికి ఆ గొట్టాలన్నీ మళ్లీ లోపలికి లాగేసుకుంటాయి. ఇక బస్సు ఎక్కడ ఆపుతాడా అని మీరు కిటికీలోంచి చూస్తుంటారు.