అద్దకం నీళ్ళకు ఏ మట్టి?

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ షెడ్డులో పట్టు నూలు అద్దిన నీళ్ళను మట్టితో శుభ్రం చేద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. పట్టుచీర మీద గుడి గోపురాల్లాంటి ఫొడా కుంభ అంచు ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ రంగు కడిగిన నీళ్ళు వీధి కాలువలో పారుతుంటే నాకు మనసొప్పదు.

మట్టి కొనేముందు రంగు ఏ రకమో తెలుసుకో. నేను ఒకప్పుడు తెలియక బెంటోనైట్ అనే బంకమట్టి పొడిని నేరుగా యాసిడ్ రంగు నీళ్ళలో కలిపాను. మట్టి అడుక్కి దిగింది, నీళ్ళు ఎర్రగానే మిగిలాయి. బెంటోనైట్ పొరల మీద రుణావేశం ఉంటుంది. మిథిలీన్ బ్లూ లాంటి బేసిక్ రంగులది ధనావేశం కాబట్టి ఇట్టే అతుక్కుంటాయి. పట్టుకు ఎక్కువగా వాడే యాసిడ్ రంగులది రుణావేశమే, అందుకే అవి అంటుకోవు.

అలాంటి రంగులకు మట్టిని మార్చుకోవాలి. సీట్యాబ్ (CTAB) అనే ధనావేశమున్న రసాయనం, మట్టి పొరల మధ్య ఉన్న సోడియాన్ని తోసి అక్కడ కూర్చుంటుంది. మట్టి మార్పిడి సామర్థ్యం, అంటే సోడియం లాంటి ధనావేశ కణాలను మార్చుకోగల శక్తి, 100 గ్రాముల మట్టికి 90 మిల్లీ ఈక్వివలెంట్లు (ఆవేశాన్ని లెక్కించే కొలత) అయితే, ఆ 100 గ్రాములకు సీట్యాబ్ లెక్కకు 33 గ్రాములు. అంతకన్నా కొంచెం ఎక్కువ వేస్తేనే మట్టి పైకి ధనావేశం వస్తుంది. 60 డిగ్రీల నీళ్ళలో గంటల తరబడి కలియబెట్టి, నురుగు పోయేదాకా కడుగు. సీట్యాబ్ పొడి కళ్ళకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు, చేతి తొడుగులు మరిచిపోకు. కడుగు నీళ్ళు కాలువలో పోస్తే చేపలు చచ్చిపోతాయి. వాటిలో పచ్చి బెంటోనైట్ కలుపు, మిగిలిన సీట్యాబ్‌ను అది పట్టుకుంటుంది.

ముందు పావు లీటరు రంగు నీళ్ళు పోసిన సీసాల్లో చూడు. ఒకదాంట్లో ఈ మార్చిన మట్టి అర గ్రాము, ఇంకోదాంట్లో ఒకటి, మరోదాంట్లో రెండు. రాత్రంతా ఉంచి తెల్ల కాగితం పక్కన పెట్టి పోల్చు. రంగు పోయినంత మాత్రాన ఉప్పు పోయినట్టు కాదు, ఆ నీళ్ళు పొలానికి పెట్టకు.

రంగు పట్టిన మట్టిని చెత్తలో వేయకు, గట్టున పోయకు. ఎండబెట్టి మూటగట్టి, ఎక్కడ అప్పగించాలో కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళనే అడుగు.

ఆదివారం సీసాలు పట్టుకురా, ఇద్దరం కలిసి చూద్దాం.

మామయ్య