ఇటాలియన్ పదాన్ని ఎక్కడ విరవాలి, ఎక్కడ ఒత్తి పలకాలి?

మీరు రెండూ కలిపి అడిగారు: పదాన్ని అక్షరాలుగా ఎలా విడగొట్టాలి, ఒత్తి పలకాల్సింది ఏ అక్షరాన్ని అని. చదువుకోవడానికి ఇటలీలోని పాదొవ వెళ్లిన మొదటి వారంలోనే నేను ఆ ఊరి పేరు తప్పు పలికాను. మిలానొ, తొరీనొ వినీ వినీ, అదే వరసలో టికెట్ కౌంటర్లో "పదోవ" అన్నాను. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుని "ఆ, పాదొవ!" అంది.

ఎక్కువ పదాల్లో చివరి నుంచి రెండో అక్షరాన్నే ఒత్తుతారు. కానీ నాపొలి, మోదెన, జేనొవ, రీమిని, ఈ ఊళ్ల పేర్లన్నిటికీ ఒత్తు చివరి నుంచి మూడోదాని మీద. రాతలో గుర్తేమీ ఉండదు. చివరి అక్షరాన్ని ఒత్తాలంటే మాత్రం దాని నెత్తిన గీత తప్పనిసరి: చిత్త (నగరం), కఫ్ఫె (కాఫీ). అక్కడ దీర్ఘం తీయకండి, తట్టి ఆపేయాలి.

నాకు పనికొచ్చింది బడిలో నేర్చుకున్న గురులఘువులు. చివరి అక్షరం సంగతి వదిలేస్తే, ఇటాలియన్‌లో ఒత్తిన అక్షరం దాదాపు ఎప్పుడూ గురువే. అచ్చన్నా సాగుతుంది, లేదా వెనక హల్లు తగిలి బరువెక్కుతుంది. "పాల" అంటే పార, "పల్ల" అంటే బంతి. "నోనొ" తొమ్మిదోది, "నొన్నొ" తాత. ఈ తేడా మన చెవికి ఇట్టే అందుతుంది. మనం "పాస్తా" అని సాగదీసేది వాళ్ల నోట "పస్త".

విరవడం దగ్గర మాత్రం మన లిపి ముంచుతుంది. 'స' పక్కన హల్లు వస్తే రెండూ తర్వాతి అక్షరానికే పోతాయి: ప-స్త, ఫి-నె-స్త్ర (కిటికీ). అచ్చం మన పద్ధతే. ద్విత్వం అలా కాదు, మధ్యకి విరుగుతుంది: నొత్-తె (రాత్రి). మనకి 'త్తె' ఒకే అక్షరం కదా, డిక్టేషన్‌లో లైను చివర "నొ-త్తె" అని విరిచి ఎర్రగీత పెట్టించుకున్నాను. ర, ల, మ, న తర్వాత హల్లు వచ్చినా అంతే: పొర్-త (తలుపు).

చివరి నుంచి రెండో అక్షరం ఇలా హల్లుతో మూసుకుంటే దాన్నే ఒత్తేయండి, చాలావరకు సరిపోతుంది. (మినహాయింపులూ ఉన్నాయి: బాదంపప్పును "మందొర్ల" అంటారు, ఒత్తేది మొదటి అక్షరాన్ని. తారంతొ ఊరూ అంతే.) అచ్చుతో ముగిస్తే ఊహించి లాభం లేదు, నిఘంటువు చూడాల్సిందే. "సూబితొ" అంటే వెంటనే, "సుబీతొ" అంటే అనుభవించిన; రాసేటప్పుడు మామూలుగా రెండూ ఒకటే. అందుకే కొత్త పదం ఎదురైతే పక్కన తెలుగులో, దీర్ఘంతో సహా, రాసుకుంటాను.