డ్రమ్‌లైన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ నిదానంగా చదివాను. అమెరికాలో కుర్రతనంలో డ్రమ్ కోర్‌లలో, అంటే డ్రమ్ములూ బాకాలూ వాయిస్తూ మైదానంలో కవాతు చేసి పోటీపడే కుర్రాళ్ళ జట్లలో వాయించి, ఇప్పుడు అరవయ్యో డెబ్భయ్యో దాటినవాళ్ళు ఒకచోట చేరి ఆ రోజులు తలుచుకోవడం మీద తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకెంతో సంతోషంగా ఉంది. ఆ లోకం గురించి మన పత్రికల్లో నేనెప్పుడూ చదవలేదు. అందుకే దీన్ని ఇంకా పట్టుకుని పని చెయ్యమంటున్నాను.

నీ వ్యాసంలో ఒక్కాయనే మాట్లాడుతున్నాడు. స్నేర్ (అడుగున తీగలు బిగించిన, చిటపటమని మోగే డ్రమ్ము) వాయించినాయన, మంచి మాటకారి. మిగతావాళ్ళు పక్కన కూర్చుని నవ్వుతున్నారు, తలలూపుతున్నారు, అంతే. మాటకారి దొరగ్గానే ఆయన చుట్టూ తిరగడం రాసేవాళ్ళందరికీ అలవాటే. డ్రమ్‌లైన్, అంటే కోర్‌లో డ్రమ్ములు వాయించేవాళ్ళ వరస, దాని విషయంలో మాత్రం అది కుదరదు.

బేస్ డ్రమ్ముల, అంటే లోతుగా మోగే పెద్ద డ్రమ్ముల వరస గమనించావా? ఐదుగురుంటారు, ఒక్కోచోట ఆరుగురు. ఒక్కొక్కరి డ్రమ్ము ఒక్కో సైజు, ఒక్కో శ్రుతి. వాళ్ళు వాయించే వరస ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. మొదటివాడు రెండు దెబ్బలు వేస్తాడు, రెండోవాడు ఒకటి, మూడోవాడు ఇంకో రెండు. వినేవాడికి మాత్రం ఎవరో ఒక్కడే పైశ్రుతి నుంచి కిందిశ్రుతికి జారుకుంటూ వచ్చినట్టుంటుంది. మూడో డ్రమ్ము వాయించేవాణ్ణి ఒంటరిగా నిలబెట్టి నీ పార్ట్ వినిపించమను. రెండు దెబ్బలు, తర్వాత బోలెడు ఖాళీ, మళ్ళీ ఒక దెబ్బ. ఆ ఖాళీలో అతను ఊరికే నిలబడలేదు, లోపల లెక్కపెడుతూ ఉన్నాడు. కళ్ళు మూసి తెరిచేంత ఆలస్యమైతే చాలు, మొత్తం వరస కుంటుతుంది.

వాళ్ళ జ్ఞాపకాలు కూడా ఈ బేస్ లైన్ లాగే ఉంటాయి. ఎవరి దగ్గర చూసినా రెండు ముక్కలూ, మధ్యలో ఖాళీ. కాబట్టి అందర్నీ ఒకే రాత్రి గురించి అడుగు. నీ మాటకారి చెప్పిన బస్సు ఆగిపోయిన రాత్రే తీసుకో. ఆయనకి గుర్తున్నది డ్రమ్ మేజర్ (ముందు నిలబడి కోర్‌ని నడిపించేవాడు) కోపం. టెనర్ డ్రమ్ములు వాయించినాయనకి ఆ తర్వాత ఏదో స్కూలు జిమ్‌లో చెక్కనేల మీద స్లీపింగ్ బ్యాగ్ పరుచుకున్న సంగతి గుర్తుండొచ్చు. సింబల్స్ (పెద్ద తాళాలు) పట్టినాయనకి తెల్లారి ఏం తిన్నారో గుర్తుండొచ్చు. ఒకరు చెప్పింది ఇంకొకరితో పొసగకపోతే నువ్వు తీర్పు చెప్పొద్దు, రెండూ పక్కపక్కన పెట్టు. నాకు నీ వ్యాసంలో అందరికంటే ఎక్కువగా వినాలనున్నది ఆ మూడో బేస్ డ్రమ్మాయన మాట. ఆయన నోటి నుంచి ఒక్క వాక్యమూ లేదు.

ఇంకో సంగతి. నీ వాళ్ళంతా ఒకే కాలం వాళ్ళు కారు. 1983 సీజన్ దాకా వాయించినవాళ్ళకి జడ్జి అంటే పక్కనే నడిచే మనిషి. క్లిప్‌బోర్డు పట్టుకుని మైదానంలో వాళ్ళ వరసల మధ్యకే వచ్చి, డ్రమ్ము దగ్గరికి చెవి వంచి వినేవాడు. కర్ర అటూఇటూ అయితే కాగితం మీద ఒక గీత, పాయింటులో పదో వంతు కోత. దాన్ని టిక్ అనేవారు. పూర్తి మార్కులతో మొదలై, తప్పు జరిగినప్పుడల్లా తగ్గుతూ పోయే లెక్క అది. 1984 నుంచి ఆ పద్ధతి పోయింది, వాయించినదాని విలువ చూసి మార్కులివ్వడం మొదలైంది. అందుకే పాతవాళ్ళు మా రోజుల్లో ఎంత క్లీన్‌గా వాయించేవాళ్ళమో అంటారు. తర్వాతివాళ్ళు మేం వాయించినంత కష్టమైన మ్యూజిక్ మీరు ముట్టుకోనైనా ముట్టుకున్నారా అంటారు. నీ డ్రాఫ్ట్‌లో ఈ గొడవ ఒక్క లైనులో, అదీ నవ్వులాటగా దాటిపోయింది. దాన్ని పొడిగించు. వాళ్ళకి ఆ రోజులంటే ఎంత పట్టింపో బయటపడేది అక్కడే. ఒక్కొక్కర్నీ విడిగా అడుగు, నీకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వని టిక్ ఏదని. దానికి వచ్చే జవాబులు నీ మొదటి పేజీలో ఉన్న బంగారు రోజులు, మరపురాని క్షణాలు లాంటి మాటలన్నిటికంటే బరువుంటాయి. ఆ మాటలు కొట్టెయ్యి.

సంవత్సరాలు సరిచూసుకో. మనుషులు ఏళ్ళు కలిపేసుకుంటారు, సామాను మాత్రం అబద్ధమాడదు. 1975లో వాయించానన్నాయన మైదానం అంచున స్టాండ్ల మీద పెట్టిన పెద్ద మరింబా (వరసగా పేర్చిన చెక్కపలకల మీద కర్రలతో వాయించేది) గురించి చెబితే ఆగి మళ్ళీ అడుగు. వాయిద్యాన్ని నేల మీద దించి వాయించే వీలు 1980ల మొదట్లో గానీ రాలేదు. అంతకుముందు జైలోఫోన్‌ని (అదీ అలాంటి పలకల వాయిద్యమే) ఒంటికి కట్టుకుని నడవాల్సిందే. టింపనీ (పెద్ద గిన్నెలాంటి డ్రమ్ము) కూడా ఒక్కొక్కరు ఒక్కొక్కటి మోసుకుంటూ నడిచేవారు. వాళ్ళలో టింపనీ మోసినవాళ్ళెవరైనా ఉంటే వదలొద్దు, వీపు సంగతి అడుగు. అలాగే పాతవాళ్ళు నేర్చుకున్నవి 26 రూడిమెంట్లు, అంటే డ్రమ్ము వాయించడంలో ప్రాథమిక పాఠాలు. 40 రూడిమెంట్ల పట్టిక 1984లో వచ్చింది. గుక్కతిప్పుకోకుండా 26 అన్నాడంటే ఆయన ఏ కాలం వాడో నీకు అర్థమైపోతుంది.

చేతుల గురించి నువ్వు రాసింది బాగుంది గానీ తొందరపడ్డావు. స్నేర్ వాయించినవాళ్ళ ఎడమచెయ్యి చూడు. కర్ర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో ఇరుక్కుని ఉంటుంది, ఉంగరపువేలి మీద ఆనుతుంది, అరచెయ్యి పైకి తిరిగి ఉంటుంది. కుడిచెయ్యి మామూలుగా పైనుంచే పట్టుకుంటుంది. డ్రమ్ము భుజం మీంచి పటకాతో వేలాడి, ఎడమకాలి మీద ఒరిగి ఉన్న కాలంలో అలా పట్టుకుంటే తప్ప చెయ్యి ఆడేది కాదు. తర్వాత భుజాల మీద కూర్చునే కారియర్లొచ్చాయి, పటకా పోయింది, ఆ పట్టు మాత్రం పోలేదు. నలభై ఏళ్ళుగా కర్ర ముట్టనివాడికి కూడా ఎడమచేతికి ఒక పెన్సిలిస్తే వేళ్ళు వాటంతటవే అక్కడికి పోతాయి. ఇచ్చి చూడు, చూసింది చూసినట్టు రాయి. అక్కడ నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

మన పాఠకుల సంగతికొస్తే, డ్రమ్ కోర్ అంటే మన స్కూలు బ్యాండ్ లాంటిదే అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆగస్టు 15 పరేడ్‌లో ఎన్‌సీసీ బ్యాండ్ చూసినవాళ్ళకి అడుగుల సంగతి, వరసల సంగతి తెలుస్తుంది, నిజమే. కానీ దీని పుట్టుక వేరు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు, అమెరికన్ లీజియన్ లాంటివి, ఊరి కుర్రాళ్ళ కోసం వీటిని పెంచాయి. చర్చిలు, స్కౌట్ దళాలు కూడా నడిపాయి. లీజియన్ వాళ్ళ నిబంధనలతో విసిగి 1971లో కొన్ని కోర్‌లు విడిగా జట్టు కట్టాయి. దాంట్లోంచి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే పోటీలు నడిపే సంస్థ పుట్టింది. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగిన మొదటి ఛాంపియన్‌షిప్ అనహైమ్ కింగ్స్‌మెన్ అనే కోర్ గెలిచింది. ఇంత చెబితే చాలు, అదీ ఒక పేరాలో. ఆడవాళ్ళని కూడా మర్చిపోకు. న్యూజెర్సీలో ఆడుబాన్ బాన్‌బాన్స్ అని అందరూ అమ్మాయిలే ఉన్న కోర్ ఒకటుండేది. అలాంటి చోట డ్రమ్ము వాయించినావిడ ఒక్కరు దొరికినా నీ వ్యాసం రూపే మారుతుంది.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి రా. ఈ కోర్‌లలో 21 ఏళ్ళ దాకే చోటు. ఎంత బాగా వాయించినా సరే, వయసు దాటితే ఆ ఆగస్టు ఫైనల్స్‌తో సరి. దాన్ని ఏజ్ ఔట్ అంటారు. ఓడిపోయి వెళ్ళడం వేరు, చేతిలో బలమంతా ఉండగా పుట్టినతేదీ చూసి పంపించెయ్యడం వేరు. దానికి తోడు చాలామందికి తిరిగి వెళ్ళి చూసుకుందామంటే కోరే మిగల్లేదు. ఒకప్పుడు దేశమంతా వందల్లో ఉండేవి, ఇప్పుడు కొన్ని పదులు. మసాచుసెట్స్‌లోని 27త్ లాన్సర్స్ లాంటి పేరున్నది కూడా 1980లలోనే మూతపడింది. దేశమంతా తిరిగే టూర్ ఖర్చు ఊరి కోర్‌లకి తలకుమించిన భారమైంది. ఈరోజు ఒక సీజన్‌కి కుర్రాడు కట్టాల్సిన ఫీజు వేల డాలర్లలో ఉంటుంది. మిల్లు పనివాళ్ళ పిల్లలు వాయించిన కళ అది, ఇప్పుడా ఇళ్ళ పిల్లలకి అందడం లేదు. నీ వాళ్ళెవరైనా ఈ మాట ఎత్తితే మెత్తబరచకుండా రాయి. నాకు దీని మీద కోపముంది, నీకూ ఉండాలి.

ఒకసారి ఇండియానాపోలిస్ వెళ్ళు. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ ఫైనల్స్ రోజున లూకాస్ ఆయిల్ స్టేడియం దగ్గర టిక్కెట్టు లేకపోయినా ఫర్వాలేదు. డ్రమ్‌లైన్‌లు బయటే వార్మప్ చేసుకుంటాయి, జనం చుట్టూ మూగి వింటారు. ఎయిట్స్ అని కుడిచేత్తో ఎనిమిది దెబ్బలు, ఎడమచేత్తో ఎనిమిది దెబ్బలు, అలా వాయిస్తూనే ఉంటారు. తొమ్మిదిమంది స్నేర్‌లు వాయిస్తుంటే కళ్ళు మూసుకుని ఎవరిది ఏ దెబ్బో విడదీయడానికి ప్రయత్నించు. ఆ గుంపులో నెరిసిన జుట్టువాళ్ళు చాలామంది కనబడతారు. అప్పుడు వాళ్ళ మొహాలు కాదు, తొడల మీద ఆడే వేళ్ళు చూడు.

వ్యాసం మొత్తం మళ్ళీ పంపొద్దు. ముందు ఆ బస్సు రాత్రి ఒక్కటే, కనీసం నలుగురి మాటల్లో రాసి పంపు. మూడో బేస్ డ్రమ్మాయన మాట్లాడనంటే ఫోన్లో బతిమాలకు. ఆయనున్న ఊరికే వెళ్ళు, బస్సు ఖర్చు నేనిస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య